వెనక వ్యాను

జనవరి 5

మామయ్యా,

ఉత్తరం చూసి కంగారు పడకండి. ఇక్కడ అందరం బానే ఉన్నాం. అందరం అంటే నేనూ, నా గదీ, గదిలో బల్లీ.

పోయిన ఏడాది హాఫ్ మారథాన్‌లో పదహారో కిలోమీటరు దగ్గర నడక మొదలెట్టానని చెప్పాను కదా. ఇరవయ్యొక్క కిలోమీటర్లూ అయ్యేసరికి రెండు గంటల పద్నాలుగు నిమిషాలు పట్టింది. ఈ ఏడు మార్చి 22న మళ్లీ ఉంది. ఈసారి రెండు గంటల్లోపు రావాలి.

కాళ్లు బానే ఉన్నాయి. ఊపిరీ బానే ఉంది. పాడైంది ఇంకెక్కడో. పదిహేను దాటగానే లోపల ఒకావిడ మొదలెడుతుంది, "ఎందుకమ్మా నీకీ తిప్పలు, ఇప్పటిదాకా ఏది పూర్తి చేశావు గనక?" అని. ఆవిడ చెప్పేది అబద్ధమైతే నాకు బాధ లేదు. నర్సింగు రెండో ఏడులో వదిలేశాను. కంప్యూటరు క్లాసులు మూడు నెలల ముచ్చట. పెళ్లైతే కార్డులు అచ్చయ్యాక వద్దన్నాను. మొదలెట్టింది పూర్తి చేసిన పాపాన పోలేదు. ముప్పై రెండేళ్లొచ్చాయి మామయ్యా. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, అనుకున్నట్టు పూర్తి చెయ్యాలని ఉంది.

మీరు నలభై ఏళ్లు డ్రిల్లు మాస్టారుగా ఊళ్లో పిల్లలందర్నీ పరిగెత్తించారు. అమ్మ పోయాక నన్ను తెచ్చి పెంచారు గానీ నన్ను మాత్రం ఒక్కనాడూ పరిగెత్తించలేదు. "చెల్లెలి పిల్ల, పోన్లే" అని వదిలేశారు. ఇప్పుడు పరిగెత్తించండి. మనసు గట్టిపడడానికి ఏం చెయ్యాలో చెప్పండి, చేస్తాను.

ఫోన్‌లోనే అడుగుదామనుకున్నాను. నెల రోజుల నుంచీ మీరు ఫోన్ ఎత్తడం లేదు. ఎప్పుడు చేసినా మీ కింద షాపు దర్జీ ఎత్తి "మాస్టారు బయటికెళ్లారు" అంటాడు. అన్నిసార్లు ఎక్కడికండీ వెళ్తున్నారు?

మీ గిలక

---

జనవరి 9

గిలకా,

నీ రాత ఇంకా కోడి కెలికినట్టే ఉంది. నీకు గిలక అని పేరు పెట్టింది నేనే. చిన్నప్పుడు నీ నోరు నూనె లేని గిలకలాగా ఆగకుండా కిర్రుమనేది. ఉత్తరంలోనూ అలాగే వినిపించింది, సంతోషం.

ఫోన్ సంగతి. గొంతు కాస్త బొంగురుపోయింది. మైదానం ఈ చివర నుంచి ఆ చివరకి నలభై ఏళ్లు అరిచిన గొంతు, దానికీ సెలవులు కావాలిగా. అదీగాక ఈ పనికి ఫోన్ పనికిరాదు. ఫోన్‌లో ఎవరైనా "బాగా పరిగెత్తాను" అనేస్తారు. కాగితం మీద అబద్ధం రాయాలంటే చెయ్యి ఆగుతుంది. నాకు ఉత్తరాలే రాయి.

నీ రోగం నాకు అర్థమైంది. ప్రతి ఆదివారం పెద్ద పరుగు కదా. దారిని ఎలా గీసుకోవాలంటే, పదమూడు పద్నాలుగు కిలోమీటర్లయ్యేసరికి నీ గది తలుపు ముందు నుంచి వెళ్లాలి. తాళంచెవి జేబులోనే ఉంచుకో. తలుపు చూడు. లోపల మంచం ఉంటుంది, కూజా ఉంటుంది. చూసి, ముందుకెళ్లి, ఇంకో మూడు కిలోమీటర్లు చేసి రా. పాటలు పెట్టుకోకు. వాచీ చూడకు. భయం వేస్తే వేయనీ, ఆ మాట మాత్రం నోట్లోంచి రానివ్వకు. అరవై ఆరేళ్లలో నేను ఒక్కసారీ అనలేదు, నాకేం తక్కువైంది?

ఇంకోటి. మా స్కూల్లో పెద్ద పరుగు పెట్టినప్పుడు పిల్లల వెనకే ఒక వ్యాను నడిపించేవాణ్ణి. కిటికీలోంచి తల బయటపెట్టి "చాలు నాన్నా, వచ్చెయ్, ఎక్కు, నీళ్లున్నాయి" అని బుజ్జగించేవాణ్ణి. ఎక్కినవాణ్ణి పల్లెత్తు మాట అనేవాణ్ణి కాదు. నీళ్లిచ్చేవాణ్ణి. జట్టులో మాత్రం వాడి పేరుండేది కాదు. నిన్నూ అలాగే పిలుస్తాను. ఎప్పుడో చెప్పను. "ఈ ఆదివారం పరుగు మానేసి వచ్చి పో" అని రాస్తాను. ఒట్టు, నిజం, పరీక్ష కాదు అని కూడా రాస్తాను, నేను ఎంతకైనా తెగిస్తాను. నమ్మి బస్సెక్కావో, నీకూ నాకూ ఇంతే. మార్చి 22 దాకా నా గుమ్మం తొక్కకు.

మామయ్య

---

జనవరి 26

మామయ్యా,

కాగితం మీద అబద్ధం రాయలేమన్నారు కదా, రాయను. పోయిన ఆదివారం తలుపు ముందుకి రాగానే చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. తాళం తీసి, బూట్లతోనే చాప మీద పడిపోయి ఏడ్చాను. నిన్న మాత్రం తలుపు వైపు చూసి "తర్వాత వస్తాలే" అన్నాను. పక్కింటావిడ గుడ్డలు ఆరేస్తూ ఎవరితో మాట్లాడుతున్నావంది. తలుపుతో అంటే నవ్విపోతుందని ఊరుకున్నాను. మిగతా మూడు కిలోమీటర్లూ చేసి వచ్చాను.

మా కళ్లద్దాల షాపులోనూ ఒకటి జరిగింది. ఒక పెద్దాయన అద్దానికి అంచు అరగదీస్తున్నాను. చక్రం మీద ఇంకొక్క చుట్టు తిప్పితే ఫ్రేములో కూర్చుంటుంది. సరిగ్గా అప్పుడే అంచు చిట్లింది. మళ్లీ మొదటినుంచీ చెయ్యాలి. ఇదివరకైతే రేపు చేద్దామని లేచిపోయేదాన్ని. ఈసారి కూర్చుని చేశాను. మా ఓనరు గడియారం చూసి, నా మొహం చూసి, "ఒంట్లో బాలేదా?" అన్నాడు!

గొంతు ఎలా ఉంది? వేణ్నీళ్లు పుక్కిలిస్తున్నారా? పిల్లల మీద అరిచిన ఉసురు ఊరికే పోతుందా అని మా ఓనరుతో అంటే పడీపడీ నవ్వాడు. ఊరికే అన్నాన్లెండి.

మీ గిలక

---

ఫిబ్రవరి 3

గిలకా,

తలుపుకి జవాబు చెప్పావు, బాగుంది. అయితే "తర్వాత వస్తా" అని బతిమాలడం ఎందుకు? ఊరికే చూడు, వెళ్లిపో. మాట ఊపిరి తింటుంది.

దర్జీ పోరు పడలేక పెద్దాసుపత్రికి వెళ్లాను. ముక్కులోంచి గొంతులోకి సన్న గొట్టం దింపి చూశారు. తర్వాత ఇంకో రోజు రమ్మని, మత్తిచ్చి, చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. బతుకంతా పరీక్షలు పెట్టినవాణ్ణి, ఇప్పుడు నాకో పరీక్షట. ఫలితాలు రెండు వారాల్లో. ఆ డాక్టరు నా దగ్గర చదువుకున్నవాడు కాడు, లేకపోతే ఇంత ధైర్యం చేసేవాడు కాదు.

కింద కుట్టుమిషను శబ్దం వింటూ రాస్తున్నాను. ఈమధ్య నేను మాట్లాడడం తగ్గించాక ఆ శబ్దం ఎంత పెద్దదో తెలిసింది. నువ్వు వచ్చే రెండు ఆదివారాలూ పద్దెనిమిది కిలోమీటర్లు చెయ్యి. చివరి మూడూ వేగంగా. కాళ్లు పీకితే పీకనీ.

మామయ్య

---

ఫిబ్రవరి 16

మామయ్యా,

పద్దెనిమిది! ఆగలేదు, నడవలేదు, తలుపుతో మాట్లాడలేదు. చివరి మూడు కిలోమీటర్లలో లోపలావిడ గొంతెత్తింది గానీ, ఆవిడ చెప్పేది పూర్తయ్యేలోపు కరెంటు స్తంభాలు లెక్కపెట్టుకుంటూ దాటేశాను. ఇంటికొచ్చాక బకెట్ బోర్లించి దాని మీద కూర్చుని స్నానం చేశాను. ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.

నేనిలా ఉంటానని నాకే తెలియదు. మీకు ముందే తెలుసా? తెలిసుంటే చిన్నప్పుడే ఎందుకు పరిగెత్తించలేదు?

ఆ ముక్క సంగతి ఏమైంది? దాచకండి.

మీ గిలక

---

మార్చి 2

గిలకా,

ముక్క సంగతికేం, ఏదో పుండట. చూసుకుంటున్నారు. వాళ్ల పని వాళ్లది.

ఈ ఎనిమిదో తారీకు ఆదివారం పరుగు వద్దు. పొద్దున్నే బస్సెక్కి రా. ఐదు గంటల ప్రయాణమే కదా. కాసేపు కూర్చుని మాట్లాడుకుందాం. మనం ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుని ఏడాది అవుతోంది. పద్దెనిమిదో తారీకు దాటితే నాకు కుదరదు. తప్పకుండా రా.

మామయ్య

---

మార్చి 5

మామయ్యా!

దొరికిపోయారు! ఉత్తరం విప్పి "పరుగు వద్దు, రా" అనేది చదవగానే షాపులోనే ఈల వేశాను. రెండు నెలలుగా కాచుక్కూర్చున్నాను, ఈ వ్యాను ఎప్పుడొస్తుందా అని. "పద్దెనిమిది దాటితే కుదరదు" అని గడువు కూడా పెట్టారు చూడండి, అబ్బో, అక్కడ మాత్రం ఒక్క క్షణం గుండె జారింది. బస్సు టైము కూడా చూశాను, దాచడమెందుకు. తర్వాత మీ జనవరి ఉత్తరం తీసి చదువుకుని బుద్ధి తెచ్చుకున్నాను.

ఆదివారం ఇరవై కిలోమీటర్లు చేస్తున్నాను. మీ నీళ్లు మీరే తాగండి!

పుండుకి మందు వేళకి వేసుకోండి. పందెం కాగానే వచ్చి మీ చెవులు చిల్లులు పడేలా మాట్లాడతాను.

ఎక్కని గిలక

---

మార్చి 9

గిలకా,

ఇది వ్యాను కాదు. నిజంగానే పిలుస్తున్నాను. పదిహేనున రా. ఒట్టు.

మామయ్య

---

మార్చి 12

మామయ్యా,

"ఒట్టు", "నిజం". జనవరిలో మీరు రాస్తానన్న మాటలే! ఒక్కటీ వదల్లేదు. అయినా ఇంత పొట్టి ఉత్తరమా? పాపం, పిల్లల్ని బుజ్జగించినప్పుడు ఇంతకన్నా బాగా చేసేవారేమో.

ఆదివారం చేసిన ఇరవై కిలోమీటర్ల తాలూకు నొప్పి నిన్నటికి పూర్తిగా పోయింది. ఈ మనిషి నేనేనా అనిపిస్తోంది. చచ్చినా ఎక్కను మామయ్యా. ఈ ఒక్కటీ పూర్తి చేసే వస్తాను.

మీ గిలక

---

మార్చి 15

గిలకా,

నెగ్గావు. ఇక పిలవను.

ఈ వారం తక్కువ పరిగెత్తు, ఎక్కువ నిద్రపో. కొత్త బూట్లు వేసుకోకు. మొదటి ఐదు కిలోమీటర్లూ ఎవరు దాటిపోయినా పోనీ, వాళ్లు నీకు పద్దెనిమిది దగ్గర కనబడతారు. పదహారు దగ్గర ఏం చెయ్యాలో నీకు నేను చెప్పక్కర్లేదు ఇంక.

మామయ్య

---

మార్చి 22, సాయంత్రం

మామయ్యా, మామయ్యా, మామయ్యా,

గంటా యాభై ఎనిమిది నిమిషాల నలభై సెకన్లు!

తొందరలో రాస్తున్నాను, కోడి కెలికినా సర్దుకుని చదవండి. మీరన్నట్టే మొదట్లో జనం నన్ను దాటిపోయారు, పోనిచ్చాను. పది దాకా హాయిగా ఉంది. పదహారో కిలోమీటరు రాయి కనబడగానే లోపలావిడ వస్తుందని పళ్లు బిగపట్టాను. ఆవిడ రాలేదు మామయ్యా. మీరొచ్చారు. పక్కనే వ్యానులో ఉన్నట్టు, అచ్చం మీ గొంతు, "చాలు గిలకా, వచ్చెయ్, ఎక్కు" అని. మీ గొంతులో ఆ చివర చిన్న జీర ఉంటుందే, అది కూడా వినబడింది. "పోవయ్యా మామయ్యా!" అని పైకే అరిచాను. పక్కన పరిగెత్తుతున్నాయన ఉలిక్కిపడి తప్పుకున్నాడు. అక్కణ్ణుంచి ఇక కాళ్లు నా మాట విన్నాయి. ఆ ఐదు కిలోమీటర్లూ మీకు కాదని చెప్పడంతోనే గడిచిపోయాయి.

చివర గీత దాటాక రోడ్డు పక్కన కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. ఎవరో నీళ్లిచ్చారు. నేను ఒకటి పూర్తి చేశాను మామయ్యా.

ఫోన్ చేశాను. దర్జీ ఎత్తి, "మాస్టారు ఊళ్లో లేరమ్మా" అని పెట్టేశాడు. ఎక్కడికెళ్లారు నాకు చెప్పకుండా? వచ్చే వారం సెలవు పెట్టి వస్తాను. మీతో మాట్లాడాల్సింది బోలెడుంది.

పూర్తి చేసిన మీ గిలక

---

మార్చి 28

గిలకా,

నీ ఉత్తరం దర్జీ ఆసుపత్రికి తెచ్చాడు. గంటా యాభై ఎనిమిది నలభై. నాలుగుసార్లు చదివాను. పక్క మంచం ఆయనకి చూపించాను. ఆయనకి చదువు రాదు, అయినా తల ఊపాడు.

ఇప్పుడు చెప్పేది కూర్చుని చదువు. ఆ ముక్కలో వచ్చింది కేన్సరు. గొంతు పెట్టె మొత్తం తీసెయ్యాలన్నారు. పద్దెనిమిదిన తీసేశారు. మెడ కింద చిన్న కన్నం పెట్టారు, ఊపిరి అందులోంచి. ప్రాణానికి భయం లేదంటున్నారు. గొంతు లేదు. ఇక రాదు. మిషనేదో మెడకి పెట్టుకుంటే గరగరమని మాటలాంటిది వస్తుందట, అది తర్వాతి సంగతి.

నిన్ను పిలిచింది అందుకే. గొంతు ఉండగా ఒకసారి నీతో మాట్లాడదామని. "నాన్నా పులి" కథ ఎన్ని క్లాసులకి చెప్పానో లెక్కలేదు. చివరికి నాన్నా పులి అని అరిచింది నేనే. రాకపోవడంలో నీ తప్పు వీసమెత్తు లేదు. నేను నేర్పిందే నువ్వు చేశావు, నలభై ఏళ్లలో నా మాట అంత బాగా విన్న శిష్యుడు ఇంకొకడు లేడు.

నా గొంతుతో అన్న ఆఖరి మాట ఏమై ఉంటుందనుకుంటున్నావు? మంచి మాట ఒకటి దాచిపెట్టుకున్నాను, మత్తుమందు ఇచ్చే ముందు దర్జీతో అందామని. వాడు కాగితాల మీద సంతకాలకి వెళ్లాడు. ఈలోగా లోపలికి పదమన్నారు. తలుపు దగ్గర వార్డు మనిషిని "ఈ చెప్పులు ఎక్కడ పెట్టమంటారు?" అనడిగాను. అంతే. అరవై ఆరేళ్లు మాట్లాడి మాట్లాడి, చెప్పుల గురించి అడిగి ముగించాను.

నవ్వు. నేనైతే నవ్వుకున్నాను, శబ్దం రాలేదు.

మామయ్య

---

ఏప్రిల్ 4

మామయ్యా,

మీ దగ్గర మూడు రోజులు కూర్చుని వచ్చాను, చెప్పాల్సింది ఒక్కటీ చెప్పలేదు. మెడకి ఆ తెల్లగుడ్డ చూడగానే నా గొంతూ పోయింది. బస్సుల గురించి మాట్లాడాను. మా ఓనరు గురించి మాట్లాడాను. మీరు పలక మీద "అన్నం తిన్నావా" అని రాశారు, తిన్నానని నేనూ పలక మీదే రాశాను. మీకు వినబడుతుందనీ, నేను మాట్లాడగలననీ గుర్తు రాలేదు. అందుకే రాస్తున్నాను.

నాకు కోపంగా ఉంది. పుండు అన్నారు. ఆపరేషన్ అని ఒక్క ముక్క రాస్తే ఏం పోయింది మీది? వ్యాను కాదని ఒట్టు పెట్టడమెందుకు, ఆపరేషన్ అని రాస్తే నేను నమ్మనా? ఆ రాత్రికే రానా? దర్జీకి తెలుసు, పక్క మంచం ఆయనకి తెలుసు, నాకు తెలియదు. నేనేమో షాపులో ఈల వేశాను. మీ నీళ్లు మీరే తాగండి అని రాశాను. ఆ ఉత్తరాలు చింపెయ్యండి, మీ కాళ్లు పట్టుకుంటాను.

రెండుసార్లు కాగితం మీద పిలిస్తే రాను పొమ్మన్నాను. పద్దెనిమిదిన మీ గొంతు పోయింది. ఇరవై రెండున పదహారో కిలోమీటరు దగ్గర ఆ గొంతే నన్ను పిలిస్తే దాన్నీ పొమ్మని అరిచాను. నిన్న పొద్దున్న ఆ రాయి దగ్గరికి మళ్లీ వెళ్లాను. పరిగెత్తడానికి కాదు, ఊరికే నిలబడడానికి. వినబడలేదు. "చాలు గిలకా" అని మనసులో అనుకుంటే మాట వస్తోంది గానీ నా గొంతుతో వస్తోంది. ఆ జీర పట్టుబడడం లేదు. రెండు వారాలకే ఇలా అయితే ఎలా మామయ్యా?

మీ గొంతు ఉన్న టేపు గానీ ఫోన్‌లో ముక్క గానీ నా దగ్గర ఒక్కటీ లేదు. ఎప్పుడూ ఉంటుందనుకున్నాను.

ఏం చెప్పాలని పిలిచారు? అదొక్కటీ రాయండి. పలక మీద అడుగుదామని సుద్దముక్క పట్టుకుని మూడు రోజులూ అడగలేకపోయాను.

గిలక

---

ఏప్రిల్ 9

గిలకా,

ఇంటికొచ్చాను. మెట్లెక్కుతుంటే దర్జీ రెక్క పట్టుకున్నాడు, విదిలించుకోలేదు. అది నాకు కొత్త.

ఆపరేషన్ అని రాశాను. నీ "చచ్చినా ఎక్కను" ఉత్తరం అందిన రోజే రాశాను, అంతా వివరంగా. దర్జీకిచ్చి పోస్టులో వెయ్యమన్నాను. వాడు మెట్లు దిగుతుంటే, "ఒరేయ్ ఆగు, తెచ్చెయ్" అని కేకేశాను. గొంతు దానికి సరిపోయింది. మర్నాడు "నెగ్గావు" అని రాసి పంపాను.

ఎందుకంటావా. నువ్వు వస్తే ఈ పందెం కూడా సగంలో వదిలేసినదానివవుతావు, అందుకు కారణం నేనవుతాను, అనుకున్నాను. అది సగం నిజం. కాగితం మీద అబద్ధం రాయకూడదని చెప్పినవాణ్ణి కాబట్టి మిగతా సగమూ రాస్తున్నాను. ఇన్నేళ్లు పిల్లల్ని వ్యానులోంచి పిలిచాను. వాళ్లలో ఎవడైనా అలిసిపోయి కాదు, నిజంగా ఒంట్లో బాగోక ఎక్కుంటాడా అని ఒక్కనాడూ అడగలేదు. ఎక్కినవాడు తక్కువవాడు, అంతే. ఆపరేషన్ అని రాస్తే ఎక్కింది నేనవుతాను. నీ కళ్లలో తక్కువవాణ్ణి అవుతానని సిగ్గుపడ్డాను. నా చెల్లెలి పిల్ల దగ్గర నాకు సిగ్గేమిటో చూడు.

నిన్ను చిన్నప్పుడు ఎందుకు పరిగెత్తించలేదని ఒకసారి అడిగావు, జవాబివ్వలేదు. తల్లి పోయిన పిల్ల, దాన్నీ వ్యానులోంచి పిలవడానికి నాకు నోరు రాలేదు.

నీ ఉత్తరాలు చింపను. ఈల వేశానన్నది నాకు ఇష్టం.

ఏం చెప్పాలని పిలిచానో రాయమన్నావు. పదిహేనో తారీకు ఆదివారం, నువ్వు రావని తెలిసీ తెల్లారే లేచి, గెడ్డం గీసుకుని, అద్దం ముందు నిలబడి చెప్పి చూసుకున్నాను. మొదటిసారి సగమే వచ్చింది. రెండోసారి పూర్తిగా వచ్చింది. బొంగురుగా వచ్చింది గానీ, వచ్చింది. కింద మిషను కూడా ఆగి ఉంది, ఆదివారం కదా. గదిలో ఎవరూ లేరు.

చిన్న మాటే గిలకా. నాకు భయంగా ఉందని. పుట్టి బుద్ధెరిగాక ఎవరితోనూ అనలేదు, పోయిన మీ అత్తయ్యతో కూడా అనలేదు. రాయడం ఏముంది, ఇదిగో రాసేశాను. నోటితో అనాలనుకున్నాను, నువ్వు ఎదురుగా ఉండగా.

మామయ్య